లండన్ వీధులలో లక్నో మీర్జా

భారతదేశానికి వచ్చిన విదేశీ యాత్రికుల రచనలు మన చరిత్ర నిర్మాణానికి ఎంతగా తోడ్పడ్డాయో అందరికీ తెలిసిన విషయమే. మెగస్తనీసు, ఫాహియాన్, హ్యుయాన్‌త్సాంగ్, అల్బెరూనీ, అబ్దుర్ రజాక్, పేయస్, టావెర్నియర్ వంటి పేర్లు పాఠశాల విద్యార్థులకు సైతం పరిచితాలు. మన రాజధానులు ఎలా ఉండేవో, కొలువులు ఎలా తీరేవో, అంగళ్లలో ఏయే సరకులు అమ్ముడుపోయేవో మనం చాలావరకు వారి మాటల ద్వారానే తెలుసుకున్నాం. అయితే, మనవారు పరదేశపు నగరాలను చూసి ఏమనుకున్నారన్న ప్రశ్న మన చరిత్ర గ్రంథాలలో అంతగా వినిపించదు. అలా చూసినవారు లేకపోలేదు. చూసి, సావకాశంగా గ్రంథస్థం చేసినవారూ ఉన్నారు. వారిలో మీర్జా అబూ తాలిబ్ ఖాన్ అగ్రగణ్యుడు.

లక్నోలో పుట్టి పెరిగిన ఈ పండితుడు 1799 ఫిబ్రవరిలో కలకత్తాలో ఓడ ఎక్కి, 1803 ఆగస్టులో తిరిగి అక్కడికే చేరుకున్నాడు. ఈ నాలుగున్నర సంవత్సరాలలో సగానికి పైగా ఆయన గడిపింది లండన్ నగరంలో. ప్రయాణానుభవాలను పారసీక భాషలో ‘మసీరే తాలిబీ ఫీ బిలాదే అఫ్రంజీ’ అనే పేరుతో రచించాడు. ఫిరంగుల దేశాలలో తాలిబ్ చేసిన యాత్ర అని ఆ పేరుకు స్థూలంగా అర్థం.

ఈ గ్రంథానికి గల ప్రాముఖ్యం అది రచించబడిన కాలంలో ఉంది. అబూ తాలిబ్ సముద్రం మీద ఉండగా 1799 మే 4న శ్రీరంగపట్నం కోట కూలి టిప్పు సుల్తాన్ మరణించాడు. ఆయన లండన్‌లో ఉండగా 1800 అక్టోబరులో నిజాం ప్రభువు బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. మన దత్తమండలాలు ఆ సంధి వల్ల ఏర్పడినవే. 1801 నవంబరులో ఆయన స్వస్థలమైన అవధ్ రాజ్యంలో దాదాపు సగభాగాన్ని నవాబు సాదత్ అలీ ఖాన్ చేతినుంచి కంపెనీ తీసుకుంది. అబూ తాలిబ్ తిరిగివచ్చిన మరుసటి నెలలోనే, 1803 సెప్టెంబరులో, జనరల్ లేక్ సేనలు ఢిల్లీలో ప్రవేశించాయి. అంటే, ఒక దేశం మరొక దేశం చేతిలోకి జారిపోతున్న ఆ నాలుగేళ్లలో, జారిపోతున్న దేశానికి చెందిన ఒక విద్యావంతుడు గెలుస్తున్నవారి రాజధానిలో తిరుగాడాడు. ఆయన ఏ దృష్టితో ఆ నగరాన్ని చూశాడన్నది కేవలం కుతూహలం తీర్చుకోవడానికి అడిగే ప్రశ్న కాదు.

లక్నో నుంచి లండన్‌కు

అబూ తాలిబ్ 1752లో లక్నోలో జన్మించాడు. తండ్రి హాజీ మహమ్మద్ బేగ్ ఖాన్ తురుష్క వంశీయుడు, ఇస్ఫహాన్‌లో పుట్టి నాదిర్ షా కాలపు కల్లోలాన్ని తప్పించుకుని ఇండియాకు తరలివచ్చినవాడు. కుమారునికి సంప్రదాయసిద్ధమైన పారసీక, అరబ్బీ విద్యలు చెప్పించబడ్డాయి. నవాబు అసఫుద్దౌలా కాలంలో అబూ తాలిబ్ ఇటావాలో అమల్దారుగా పనిచేశాడు. తరువాత గోరఖ్‌పూర్ ప్రాంతంలో కర్నల్ హానే అనే ఆంగ్ల సేనాని కింద రెవెన్యూ వ్యవహారాలు చక్కబెట్టాడు. లక్నో దర్బారు రాజకీయాలలో ఒకసారి కాలు జారినవాడికి మళ్లీ నిలదొక్కుకోవడం దుర్లభం. మంత్రి హైదర్ బేగ్ ఖాన్‌తో వైరం ఏర్పడి, కొలువు పోగొట్టుకుని, న్యాయం కోరి కలకత్తా చేరుకున్నాడు. గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ ఆశలు కల్పించాడు గాని ఫలితం నిలవలేదు. కలకత్తాలో ఆయన ఊరక కూర్చోలేదు. హాఫిజ్ కవితా సంపుటిని పరిష్కరించి 1791లో అచ్చువేయించాడు. కానీ ఆశించిన ఉద్యోగం రాలేదు. నాలుగేళ్ల కుమారుడు అక్కడే మరణించాడు.

ఆ స్థితిలో కెప్టెన్ డేవిడ్ రిచర్డ్‌సన్ అనే మిత్రుడు స్వదేశానికి వెళ్తూ తనతో రమ్మన్నాడు. దారిలో ఇంగ్లీషు నేర్పుతానన్నాడు. అబూ తాలిబ్ అంగీకరించడానికి చెప్పుకున్న కారణం చదువరిని కలచివేస్తుంది. ప్రయాణం సుదీర్ఘమైనది, ప్రమాదభరితమైనది. దారిలో మరణం సంభవిస్తే ఈ లోకపు చింతలన్నీ తీరిపోతాయి కదా అనుకున్నాడట. విజ్ఞానతృష్ణతో బయలుదేరినవాడు కాదు ఆయన. బ్రతుకు మీద విసిగి ఓడ ఎక్కినవాడు. ఆ విసుగును దాచుకోకుండా గ్రంథారంభంలోనే చెప్పుకోవడం ఆయన సత్యసంధతకు మొదటి సాక్ష్యం.

డేనిష్ ఓడలో గుడ్‌హోప్ అగ్రం వరకు, అక్కడి నుంచి మరొక నౌకలో సెయింట్ హెలీనా మీదుగా 1799 డిసెంబరులో ఐర్లండులోని కార్క్ రేవు చేరుకున్నాడు. అక్కడ పాట్నాకు చెందిన దీన్ మహమ్మద్‌ను కలుసుకున్నట్లు రాశాడు. ఈ దీన్ మహమ్మద్ 1794లోనే కార్క్‌లో తన యాత్రా లేఖలను ఇంగ్లీషులో ప్రచురించినవాడు. తరువాత 1810లో లండన్‌లో భారతీయ భోజనశాలను నెలకొల్పినవాడు. ఆనాటికే ఐర్లండు వైస్రాయిగా ఉన్న కార్న్‌వాలిస్‌ను అబూ తాలిబ్ డబ్లిన్‌లో దర్శించాడు. డబ్లిన్ వీధులలో జనం ఆయన చుట్టూ మూగి, ఎదురుచూస్తున్న రష్యన్ సేనాపతి ఇతడేనని కొందరు, జర్మన్ లేదా స్పానిష్ ప్రభువని మరికొందరు ఊహించారట. అధిక సంఖ్యాకులు మాత్రం పర్షియా రాజకుమారుడని తేల్చారట.

ఆ బిరుదు ఆయనను లండన్ వరకు వెంబడించింది. 1800 జనవరిలో ఆయన లండన్ చేరిన తరువాత పత్రికలన్నీ పర్షియన్ ప్రిన్స్ అనే రాశాయి. తాను ఎన్నడూ ఆ బిరుదు తగిలించుకోలేదనీ, అయితే తన అసలు పేరుకన్న అదే జనానికి బాగా తెలియడంతో పేరు పెట్టినవారితో పోట్లాడి లాభం లేదని ఊరుకున్నాననీ చమత్కారంగా చెప్పుకున్నాడు. మూడవ జార్జి రాజు, షార్లెట్ రాణి ఆయనకు దర్శనమిచ్చారు. వారన్ హేస్టింగ్స్, భగవద్గీతను ఇంగ్లీషులోకి తెచ్చిన చార్లెస్ విల్కిన్స్, ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ప్రభృతులతో పరిచయం కలిగింది. చిత్రకారుడు జేమ్స్ నార్త్‌కోట్ ఆయన రూపచిత్రం గీశాడు.

నగర దర్శనం

లండన్‌లో ఆయనకు అన్నింటికన్న మిన్నగా తోచినవి చతురస్రాకారపు ఉద్యాన వాటికలు. నలువైపులా భవనాలు, మధ్య పచ్చిక బయలు, దాని చుట్టూ ఇనుప కటకటాలు. అందులో పిల్లలు ఆడుకోవడం, స్త్రీలు విహరించడం ఆయన శ్రద్ధగా వర్ణించాడు. రాతి పలకలు పరచిన కాలిబాటలు, రాత్రివేళ బారులు తీరిన దీపాలు, గాజు తలుపుల వెనుక వెలిగే దుకాణాలు ఆయనకు అమితానందం కలిగించాయి. క్లబ్బులు, కాఫీశాలలు, నాటకశాలలు, తోటలలో రాత్రి వినోదాలు ఏవీ ఆయన విడిచిపెట్టలేదు. హాఫిజ్ సలహాను శిరసావహించి ప్రేమకూ వినోదానికీ తనను తాను అప్పగించుకున్నానని నిస్సంకోచంగా ఒప్పుకున్నాడు. లండన్ సుందరీమణులపై పారసీకంలో కవితలు అల్లాడు.

అయితే ఆయన చూపు విలాసాల దగ్గర ఆగిపోలేదు. నగరానికి నీరు ఎక్కించే యంత్రాలు, ఫిరంగులు పోతపోసే కర్మాగారాలు, ఓడలు నిర్మించే రేవులు, కాగితం మిల్లులు, నూలు వడికే యంత్రాలు అన్నీ తిరిగి చూశాడు. కర్మాగారంలో అడుగుపెట్టగానే మనస్సు మొదట దిగ్భ్రమ చెందుతుందనీ, నిదానించి గమనిస్తే ఒక్కొక్క చక్రానికీ ఒక్కొక్క పని నిర్దేశింపబడి ఉన్న క్రమం అవగతమవుతుందనీ రాశాడు. ఇంగ్లీషువారి బలం నావికాదళంలో ఉన్నదని గుర్తించాడు. అచ్చు యంత్రాన్ని, దాని ద్వారా గ్రంథాలూ వార్తాపత్రికలూ సామాన్యుల చేతికి సైతం అందడాన్ని ఎంతగానో ప్రశంసించాడు. హాఫిజ్‌ను అచ్చువేయించినవాడు గనుక ఆ ప్రశంస ఊకదంపుడు కాదు.

యంత్రాలపై ఇంగ్లీషువారికి గల వ్యామోహాన్ని చూసి ఆయన నవ్వుకున్నాడు కూడా. వంటింటిలో మాంసం కాల్చే చువ్వను తిప్పడానికి పొగతో నడిచే యంత్రం, మాంసం కొట్టడానికి ఒక యంత్రం, ఉల్లిపాయలు తరగడానికి మరొకటి! చిన్నపాటి శ్రమ పట్ల కూడా వీరికి ఇంత విముఖత ఉండడం వల్లనే ఇన్ని యంత్రాలు పుట్టాయని ఆయన తీర్పు. కూలి రేట్లు హెచ్చుగా ఉండడం అందుకు తోడ్పడిందని కూడా ఆయన గ్రహించాడు. యంత్ర సంస్కృతిని తొలిసారి చూసిన ఒక తూర్పుదేశీయునిలో మూఢమైన ఆశ్చర్యం కాక, కారణాలు వెదికే బుద్ధి మేల్కొనడం గమనార్హం.

నగరంలో తనవంటి పరదేశులను కూడా ఆయన కనిపెట్టాడు. జనరల్ డి బాయిన్ భారతదేశం నుంచి వెంటబెట్టుకుపోయిన నూర్ బేగం అనే మహిళ అప్పటికి ఇంగ్లండులో ఉంది. డి బాయిన్ ఒక ఫ్రెంచి యువతిని వివాహమాడి ఆమెకు దూరమయ్యాడు. అబూ తాలిబ్ వెళ్లి ఆమెను చూశాడు. ఆంగ్ల వేషధారణలో ఉన్న ఆమె ఆయన రాకకు ఎంతో సంతోషించి, లక్నోలో ఉన్న తన తల్లికి అందజేయమని ఒక లేఖ ఇచ్చిందట. గ్రంథంలో ఇది కొద్దిపాటి ప్రస్తావన. కానీ రాజదర్శనాల కన్న, విందుల కన్న ఇదే పాఠకుని మనస్సులో ఎక్కువ కాలం నిలుస్తుంది.

సమానత్వం, న్యాయస్థానం

ఇంగ్లండులో చట్టం ముందు అందరూ సమానులన్న మాట ఆయన తరచుగా విన్నాడు. మొదట్లో నమ్మాడు కూడా. గొప్పవారు సైతం సామాన్యుని మీద చేయి చేసుకోవడానికి జంకడం, పత్రికలు మంత్రులను బాహాటంగా విమర్శించడం, వ్యంగ్య చిత్రాలలో ప్రభువులను పరిహసించడం చూసి అబ్బురపడ్డాడు. కొంతకాలం ఉన్న తరువాత ఆ సమానత్వం యథార్థంలో కన్న పైకి కనిపించడంలోనే హెచ్చుగా ఉన్నదని గ్రహించాడు. ధనికునికీ పేదకూ మధ్య సుఖాలలో గల అంతరం భారతదేశంలో కన్న ఇక్కడే అధికమన్నాడు. సేవకులు యజమానుల ఎదుట ఎంత ఒదిగి ఉంటారో చూసి ఈ అభిప్రాయానికి వచ్చాడు.

న్యాయస్థానాల విషయంలో ఆయనకు స్వానుభవం ఉంది. కోటు కుట్టిన దర్జీ ఒకడు ముందు ఒప్పుకున్న కూలికన్న ఎక్కువ అడిగాడు. అబూ తాలిబ్ ఇవ్వలేదు. వ్యవహారం న్యాయస్థానానికి వెళ్లింది. ఒప్పందానికి సాక్షి లేడు గనుక అబూ తాలిబ్ ఓడిపోయాడు. అడిగిన సొమ్ముతోపాటు ఖర్చులు కూడా చెల్లించవలసివచ్చింది. ఆయన దీనిని ఆక్రోశంగా కాక, జూరీ పద్ధతినీ న్యాయవాదుల వృత్తినీ పరిశీలించడానికి ఒక సందర్భంగా తీసుకున్నాడు. జూరీ సభ్యులు తరచుగా న్యాయమూర్తి మాట వెంట నడుస్తారనీ, చట్టాలు అనంతంగా పెరిగిపోయి సామాన్యునికి బోధపడవనీ, వ్యాజ్యం నడిపే ఖర్చు న్యాయాన్ని ధనికుని పాలు చేస్తుందనీ రాశాడు.

అక్కడితో ఆగక, ఇదే పద్ధతిని కలకత్తాలో స్థాపించిన ఫలితాన్ని విమర్శించాడు. దూరప్రాంతాల రైతులను, సాక్షులను కలకత్తాకు ఈడ్చుకురావడం, వారికి తెలియని భాషలో, తెలియని నియమాల ప్రకారం విచారణ జరపడం ఎంతటి కష్టాన్ని కలిగిస్తాయో వివరించాడు. రెవెన్యూ వ్యవహారాలలో తలమునకలైన అధికారి మాట ఇది. పాలనాయంత్రం సామాన్యుని గడప దగ్గర ఎలా కనిపిస్తుందో ఆయనకు తెలుసు.

పన్నెండు దోషాలు

అబూ తాలిబ్ గ్రంథంలో అత్యంత ప్రసిద్ధమైన భాగం ఇంగ్లీషువారి గుణదోష విచారణ. గుణాలుగా ఆయన పేర్కొన్నవి స్వల్పమైనవి కావు: మర్యాద పట్ల పట్టుదల, ప్రతిభను గౌరవించడం, సంఘ నియమాలను ఉల్లంఘించడానికి వెరవడం, సామాన్యుల స్థితిని మెరుగుపరచాలన్న కోరిక, నిష్కపటమైన మాట, అతిథి సత్కారం. వేషభాషలలో ఏటేటా మారే పోకడలను సైతం ఆయన గుణాలలోనే చేర్చాడు. ధనికులు ఏటా వస్తువులు మార్చడం వల్ల పనివారికి పని దొరుకుతుందనీ, విడిచిన వస్తువులు పేదలకు చౌకగా లభిస్తాయనీ ఆయన తర్కం.

దోషాలు పన్నెండు. మతవిశ్వాసం సన్నగిల్లడం, గర్వం, ధనదాహం, సుఖలాలస, ముక్కోపం, నిద్రకూ భోజనానికీ అలంకరణకూ కాలాన్ని వృథా చేయడం, అవసరాలను అంతులేకుండా పెంచుకోవడం, మిడిమిడి జ్ఞానంతో విర్రవీగడం, స్వార్థం, శీలరాహిత్యం, దుబారా, ఇతరుల ఆచారాలను చులకన చేయడం. ప్రతి దోషానికీ ఉదాహరణ చూపాడు.

గర్వాన్ని గురించి చెబుతూ, సంపద మీద భరోసాతో వీరు రానున్న విపత్తును లెక్కచేయడం లేదన్నాడు. 1800లో పంటలు దెబ్బతిని రొట్టె ధర పెరిగి లండన్ వీధులలో జనం గుంపులు కట్టిన సంవత్సరమది. ఫ్రాన్సు ప్రభువులు కూడా మొదట్లో జనసమూహాలను ఇలాగే పట్టించుకోలేదని ఆయన హెచ్చరించాడు. విలాసాలను గురించి చెబుతూ, పూర్వం అరబ్బులు, తాతారులు దేశాలు జయించింది నిరాడంబర జీవనంతోనేనని గుర్తుచేశాడు. అవధ్ దర్బారు విలాసాలలో మునిగి ఎలా బలహీనపడిందో కళ్లారా చూసిన మనిషి ఈ మాట అనడంలో లోతైన అర్థం ఉంది. ఆయన లండన్‌కు చేసిన హెచ్చరికలో లక్నో నేర్పిన పాఠం ఉంది.

మిడిమిడి జ్ఞానానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ పండితలోకాన్ని ఉలిక్కిపడేలా చేసేది. విలియం జోన్స్ యౌవనంలో రచించిన పారసీక వ్యాకరణంలో పొరపాట్లు ఉన్నాయనీ, ఆ పుస్తకం చదివి తన దగ్గరకు వచ్చినవారి ఉచ్చారణను సరిదిద్దడం కన్న అక్షరం ముక్క రానివారికి కొత్తగా నేర్పడం సులభమనీ నిర్భయంగా రాశాడు. జోన్స్ విద్వత్తును ఆయన కించపరచలేదు. తన భాష విషయంలో తుది ప్రమాణం ఎవరిదన్నదే ఆయన లేవనెత్తిన ప్రశ్న. ప్రాచ్య విద్యాధికారం యావత్తూ ఐరోపా పండితుల హస్తగతమవుతున్న ఆ రోజులలో ఈ ప్రశ్న చిన్నది కాదు.

చివరి దోషం, పరుల ఆచారాలను చులకన చేయడం, ఆయనను ఎక్కువగా బాధించింది. చేత్తో అన్నం తింటారని ఎవరో ఎగతాళి చేస్తే, మీ రొట్టె పిండిని కాళ్లతో తొక్కి పిసుకుతారు కదా అని బదులిచ్చాడు. హజ్ యాత్రలోని ఆచారాలను పరిహసించినవారికి శిశువుల బాప్తిస్మ విధిని చూపి దానికి గల హేతువేమిటని ప్రశ్నించాడు. పరిహాసానికి పరిహాసం కాదు ఆయన ఉద్దేశం. ఆచారం బయటినుంచి చూసేవారికి ఎప్పుడూ వింతగానే ఉంటుందని చెప్పడం.

స్త్రీల స్వేచ్ఛను గురించి

ఆసియా స్త్రీలకు స్వేచ్ఛ లేదన్న ఆక్షేపణ లండన్ విందులలో ఆయన తరచుగా వినవలసివచ్చింది. ఒక మహిళ ఎదుట జరిగిన సంభాషణ పర్యవసానంగా ఆయన ఒక వ్యాసమే రాశాడు. దాని ఆంగ్ల రూపం ‘ఏషియాటిక్ యాన్యువల్ రిజిస్టర్’ 1801 సంపుటంలో అచ్చయింది. ఇంటి ధనంపై, సేవకులపై, సంతానంపై మా స్త్రీలకు గల అధికారం మీ స్త్రీలకు లేదని ఆయన వాదం. వివాహానంతరం స్త్రీ ఆస్తి ఆమెదిగానే ఉండే ధర్మం మాది, అది భర్తపరమయ్యే చట్టం మీది అని ఆయన చేసిన పోలిక నిరాధారమైనది కాదు. ఇంగ్లండులో వివాహిత స్త్రీకి సొంత ఆస్తిపై హక్కు 1870, 1882 చట్టాలతో గాని దక్కలేదు.

ఈ వ్యాసానికి లోపాలు లేకపోలేదు. ఆయన ప్రస్తావించింది సంపన్న ముస్లిం కుటుంబాల స్త్రీలను మాత్రమే. పొలాలలో, వీధులలో శ్రమించే కోట్లాది స్త్రీలు ఆ వాదంలో కనిపించరు. బహుభార్యాత్వాన్ని సమర్థించిన తీరు ఈనాటి పాఠకునికి రుచించదు. స్త్రీల పక్షాన మాట్లాడినది కూడా పురుషుడే. అయినా, ప్రశ్నించబడుతున్నవాడు సంజాయిషీ ఇచ్చుకోవడానికి బదులు ప్రశ్నించినవారి ఇంటి చట్టాన్ని తెరిచి చూపడం ఆ వ్యాసానికి విలువ తెచ్చింది. మాంటెస్క్యూ 1721లోను, గోల్డ్‌స్మిత్ 1762లోను తమ సమాజాన్ని విమర్శించడానికి కల్పిత ప్రాచ్య యాత్రికులను సృష్టించుకున్నారు. ఈసారి నిజమైన ప్రాచ్య యాత్రికుడే వచ్చి మాట్లాడాడు.

నెరవేరని పాఠశాల

లండన్‌లో ఆయన తలపెట్టిన కార్యం ఒకటుంది. ఇండియాకు వెళ్లే ఇంగ్లీషు యువకులకు పారసీకం నేర్పడానికి ప్రభుత్వ పోషణలో ఒక పాఠశాల పెట్టాలని ప్రతిపాదించాడు. పాలించబోయేవారికి ఆ దేశపు వ్యవహార భాష సక్రమంగా రావాలన్నది ఆయన ఉద్దేశం. మంత్రులు శ్రద్ధ చూపలేదు. కాలం గడిచిపోయింది. ఆయన తిరుగు ప్రయాణానికి సిద్ధమైన తరువాత వారు సుముఖత తెలిపారు. అప్పటికి ఆయన మనస్సు ఇంటివైపు మళ్లింది. కొద్ది సంవత్సరాలకే, 1806లో, కంపెనీ తన ఉద్యోగుల కోసం ఇంగ్లండులో కళాశాల నెలకొల్పింది. అందులో ప్రాచ్య భాషాచార్యుడుగా నియుక్తుడైన చార్లెస్ స్టూవర్ట్ 1809లో టిప్పు సుల్తాన్ గ్రంథాలయపు వివరణాత్మక సూచిని ప్రచురించాడు. ఆ మరుసటి ఏడు, 1810లో, అబూ తాలిబ్ యాత్రాగ్రంథాన్ని ఆంగ్లంలో వెలువరించినదీ ఆయనే. యుద్ధంలో చేజిక్కిన గ్రంథాల జాబితా, స్వేచ్ఛగా వచ్చి వెళ్లిన యాత్రికుని గ్రంథం ఒకే కలం నుంచి వెంట వెంటనే వెలువడడం ఆ యుగ స్వభావానికి అద్దం పడుతుంది.

తిరిగి రాక

1802 జూన్‌లో అబూ తాలిబ్ లండన్ విడిచాడు. ఆమియెన్స్ సంధి వల్ల ఫ్రాన్సు మార్గం తెరుచుకుని ఉంది. పారిస్, మార్సెయిల్స్, జెనోవా, మాల్టా, స్మిర్నా, కాన్‌స్టాంటినోపుల్, మోసుల్, బాగ్దాద్, కర్బలా, బస్రాల మీదుగా బొంబాయికి, అక్కడి నుంచి కలకత్తాకు చేరాడు. తిరిగివచ్చిన తరువాత గ్రంథరచనకు పూనుకున్నాడు. స్వదేశీయులు దీనిని ఆదరిస్తారన్న నమ్మకం ఆయనకు లేదు. సంపన్నులకు గర్వం, సోమరితనం అడ్డు. పండితులకు దారిద్ర్యం అడ్డు. లోకాన్ని తెలుసుకోవాలన్న ఆసక్తి ఎవరికి ఉంది అని పీఠికలోనే వాపోయాడు. ఇంగ్లీషువారిని విమర్శించిన కలంతోనే తనవారిని కూడా విమర్శించాడు.

ఆ అనుమానం ఒక విధంగా నిజమైంది. కంపెనీ కింద బుందేల్‌ఖండ్‌లో ఒక ప్రాంతపు రెవెన్యూ కొలువు సంపాదించి, 1806లో ఆయన కన్నుమూశాడు. స్వదేశీయులను ఉద్దేశించి రాసిన గ్రంథం ముందుగా లండన్ పాఠకుల చేతికి ఆంగ్లంలో చేరింది. మూల పారసీకం రెండేళ్ల తరువాత 1812లో కలకత్తాలో ఆయన కుమారుని పూనికతో అచ్చయింది. 1837లో పారసీకం న్యాయస్థానాల భాషగా రద్దయిన తరువాత ఆ గ్రంథాన్ని మూలంలో చదవగలవారు క్రమంగా తగ్గిపోయారు. మనవాడు మనకోసం రాసిన పుస్తకం మనకు ఆంగ్లానువాదం ద్వారా పరిచయం కావలసివచ్చింది.

అబూ తాలిబ్ దృష్టికి పరిమితులున్నాయి. ఆయన లండన్‌ను ఎక్కువగా ప్రభువుల మందిరాల కిటికీలలోనుంచి చూశాడు. కంపెనీ పోషణను ఆశించినవాడు గనుక కంపెనీ రాజ్యవిస్తరణ న్యాయాన్యాయాలను మౌలికంగా ప్రశ్నించలేదు. తాను అమల్దారుగా పనిచేసిన ఇటావా, తాను లెక్కలు చూసిన గోరఖ్‌పూర్ 1801లో కంపెనీ వశమయ్యాయి. అప్పుడాయన ఆ కంపెనీ దొరల విందులలోనే ఉన్నాడు. ఈ వాస్తవం మన మనస్సును నొప్పించకమానదు.

అయినప్పటికీ ఆయన గ్రంథంలో ఒక అరుదైన సంపద ఉంది. ఓడినవాడి ఉక్రోషం గాని, ఆశ్రితుని అతివినయం గాని అందులో లేవు. మంచిని మంచి అని ఒప్పుకున్నాడు. చెడును లెక్కపెట్టి చెప్పాడు. రెండింటినీ తన సొంత కొలబద్దతోనే కొలిచాడు. మొగలు చక్రవర్తి తరఫున రాజా రామమోహన్ రాయ్ 1831లో ఇంగ్లండు చేరేనాటికి పరిస్థితి మారిపోయింది. అప్పటికి భారతీయుడు అక్కడికి వెళ్లేది అర్జీ పట్టుకుని. ఆ తరువాతి తరాలవారు ఆ నగరానికి విద్యార్థులుగా వెళ్లారు. ఆ నగరపు కొలబద్దను తమ వెంట తెచ్చుకుని స్వదేశాన్ని దానితో కొలిచారు. అబూ తాలిబ్‌కు ఇంకా ఆ అవసరం కలుగలేదు.

పరాయివారి కళ్లతో మన నగరాలను చూడడం మనకు చిరకాలంగా అలవాటే. అది మనకు మేలే చేసింది. హంపి శిథిలాల మధ్య నిలిచినప్పుడు పేయస్ వాక్యాలు మనకు దారి చూపుతాయి. అదే విధంగా లండన్ నగర చరిత్ర రాసేవారికి లక్నో మీర్జా వాక్యాలు కూడా దారి చూపగలవు. లండన్ దీపాల వెలుగును ఆయన మెచ్చుకున్నాడు. ఆ వెలుగులో రొట్టె కోసం గుమిగూడిన జనాన్నీ, తల్లికి చేరవలసిన లేఖను పరదేశంలో చేతబట్టుకున్న నూర్ బేగంనూ చూశాడు. ఆ రెండు చూపులనూ ఆయన గ్రంథం ఈనాటికీ పదిలపరచి ఉంచింది.